ఉదయంలో మన వాటా

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో మొదటిరోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి గృహహింస చట్టం గురించి, భరణం కేసుల గురించి మాట్లాడుకుని అలిసిపోయి ఉన్నారు. నన్ను తీరిక గురించి మాట్లాడమన్నారు. తీరిక గురించి వినడానికి కూడా తీరికలేని వాళ్ళం మనం! అందుకని పెద్ద ఉపన్యాసం ఇవ్వను. ఈ కాలపు ఉదయం గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఇది ఆశ్వయుజం మొదలయ్యే కాలం. వానలు వెనకబట్టాయి. తెల్లవారుజామున దుప్పటి కాళ్ళమీదికి లాక్కునేంత చలి మొదలయింది. గట్ల మీద గునుగు పూసింది, బీళ్ళలో తంగేడు పసుప్పచ్చగా విరబూసింది. పారిజాతం చెట్టున్న ఇంట్లో రాత్రి విచ్చిన పూలు తెల్లారేసరికి నేలంతా పరుచుకుని ఉంటాయి. వరి పొట్టకొచ్చే రోజులు. ఎండ కాల్చకుండా, వాన తడపకుండా, చలి వణికించకుండా ఉండే ఉదయాలు మనకు ఏడాదిలో కొన్నే వస్తాయి. అవి ఇవే. చూడ్డానికి పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు అనిపిస్తుంది. అనిపిస్తుంది, అంతే.

ఈ వేళకు లేచే వాళ్ళెవరని అడిగితే ఇక్కడ అందరి చేతులూ లేస్తాయి. లేచి, ఓ పావుగంట అరుగు మీద ఊరికే కూర్చునే వాళ్ళెవరని అడిగితే? ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆడమనిషే. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేసి, పొయ్యి వెలిగించేది ఆమే. ఆ పారిజాతాలు ఆమెకు ముందు చీపురు కిందే కనిపిస్తాయి. ఎండ వచ్చాక లేచి పడక్కుర్చీలో కూర్చునే మనిషికి ఉదయం చాలా బాగుంటుంది. ఆ బాగుండడం వెనక ఒకరి రెండు గంటల చాకిరీ ఉంటుంది.

ఒక పల్లెలో సంఘం మీటింగులో నేనొక ప్రశ్న అడిగాను: 'ఒక్క పొద్దున ఏ పనీ లేదనుకోండి, ఏం చేస్తారు?' చాలామందికి ప్రశ్నే అర్థం కాలేదు. పని లేకపోవడమేమిటి, జ్వరమొస్తే కదా అన్నారు. ఒక పెద్దామె మాత్రం కాస్త ఆలోచించి, 'చాయ్ వేడిగుండంగ తాగుత బిడ్డా' అంది. అందరూ నవ్వారు. అందరికీ పోసి, గిన్నెలు కడిగి, చివరికి తన వంతు చల్లారిన చాయ్ తాగడం ఆమెకు నలభై ఏళ్ళ అలవాటు. ఆమె కోరింది స్విట్జర్లాండ్ కాదు, ఒక వేడి చాయ్. అది తాగేంతసేపు ఎవరూ పిలవకుండా ఉండడం.

ఇది మధ్యతరగతి ముచ్చట అని కొందరు మిత్రులు అంటారు. కూలి చాలక, దెబ్బలు తప్పక బతుకుతున్న చోట ఈ పూలూ మంచూ ఏమిటని. ఈ మాటను నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు నిలిచినప్పుడు, ఆ పోరాటం వెనక కూలిడబ్బు ఒక్కటే లేదు. రాత్రి ఇల్లు ప్రశాంతంగా ఉండాలన్న కోరికా ఉంది. రాత్రి తన్నులు తిన్న మనిషికి తెల్లారితే పనే గుర్తొస్తుంది, ఆకాశం గుర్తు రాదు.

ఇంకొక సంగతి. మన ఊళ్ళలో తరతరాలుగా ఆడవాళ్ళు చీకటితోనే లేచింది దేనికి? వెలుతురు రాకముందే బహిర్భూమికి వెళ్ళి రావాలి కనుక. ఆ చీకటిలో పాముల భయం, మగవాళ్ళ భయం. ఇప్పుడు చాలా ఇళ్ళలో మరుగుదొడ్లు కట్టారు, మంచిదే. వాటికి నీళ్ళు మోసేది ఎవరో కూడా చూడండి. పట్నంలో మాత్రం? పార్కులో నడకకు వెళ్ళేవాళ్ళు హాయిగా గాలి పీలుస్తూ పోయే రోడ్డును ఆ వేళకే ఒక ఆడమనిషి ఊడ్చేసి ఉంటుంది. ఇద్దరూ అయిదింటికే లేచారు. ఉదయం మాత్రం ఇద్దరిదీ ఒకటి కాదు.

లెక్కలు కావాలనే వాళ్ళకు లెక్కలూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2019లో సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పని చేస్తున్నారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. మనకు పది నిమిషాలు తగ్గితే వాళ్ళకూ తొమ్మిది తగ్గాయి! పైగా ఇది ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళ సగటు మాత్రమే. అసలు చెయ్యి తడపని వాళ్ళు ఈ లెక్కలోకే రారు.

చట్టం మాటకొస్తే, 1948 నాటి సార్వత్రిక మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, విరామాన్ని హక్కుగా గుర్తించింది. మన రాజ్యాంగం 43వ అధికరణం ఇంకా ముందుకు వెళ్ళింది. వ్యవసాయ, పారిశ్రామిక, ఇతర పనివాళ్ళందరికీ బతకగల వేతనంతో పాటు విరామాన్ని పూర్తిగా అనుభవించే పరిస్థితి కల్పించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలంది. ఆదేశిక సూత్రం కనుక దీన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళలేం. కానీ ఆ 'ఇతర' అన్న మాట దగ్గర మనం ఆగి అడగాలి. ఇంటిచాకిరీ చేసే మనిషి అందులో ఉందా, లేదా?

ఉదయాన్ని పాడుచేసేవి చాలావరకు చిన్న చిన్న ఏర్పాట్లే. కుళాయి నాలుగింటికి వదిలితే నాలుగింటికే లేవాలి. ఆ వేళ నిర్ణయించేటప్పుడు నీళ్ళు పట్టేవాళ్ళను ఎవరైనా అడిగారా? ఏడింటికి బడి బస్సు అంటే అయిదింటికి పొయ్యి వెలగాలి. కూలి మేస్త్రీ ఆరింటికే ఆటో తెస్తే అంతకుముందే వంట అయిపోవాలి. గ్రామసభలో రోడ్డు, దీపం గురించి అడుగుతున్నట్టే నీళ్ళ వేళ గురించీ అడగవచ్చు. మా ప్రాంతంలో ఒక బస్తీలో ఆడవాళ్ళు అడిగారు. గంట వెనక్కి జరిగింది. ఆ గంట ఏం చేస్తున్నారంటే, 'పడుకుంటున్నం' అన్నారు. పడుకోవడానికీ హక్కుంది. చాయ్ తాగుతూ పూలు చూసి తీరాలని ఎవరినీ శాసించకండి!

బతుకమ్మ రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఒక విశేషం ఉంది. పొద్దున్నే గట్ల వెంట తిరిగి గునుగు, తంగేడు కోసుకొచ్చేది చాలాచోట్ల మగవాళ్ళు, మగపిల్లలు. పూలు తేవడం చేతనైన చేతులకు చీపురు పట్టడం రాదనుకోను. పండగ తొమ్మిది రోజులే కావడం ఒకటే చిక్కు. ఇప్పుడు చాలామంది ఆ పూలనూ బజార్లో కొంటున్నారు, అది వేరే కథ.

ఇక రేపటి ఏర్పాటు. కార్యక్రమంలో ఏడింటికి అని అచ్చయిన మొదటి క్లాసు తొమ్మిదింటికి మార్చాం. పొద్దుటి చాయ్, ఉప్మా పని మనతో వచ్చిన మగ కార్యకర్తలు నలుగురు ఒప్పుకున్నారు. ఉప్మాలో ఉప్పు ఎక్కువైతే ఏమీ అనకండి. ఈ శిబిరానికి వంట చేస్తున్న అక్కలిద్దరూ నాలుగింటికి లేవక్కర్లేదు, వాళ్ళ కూలి మాత్రం కోత పడదు. హాస్టలు వెనక గేటు అయిదింటికి తెరిచి ఉంచమని వాచ్‌మన్‌కు చెప్పాను. అక్కణ్ణుంచి చెరువు కట్ట అయిదు నిమిషాల నడక. రావాలనుకున్నవాళ్ళు రండి, నిద్రపోవాలనుకున్నవాళ్ళు పడుకోండి. నోటుపుస్తకాలు ఎవరూ తేవద్దు.