వైద్యవిద్య - అర్హతాపరీక్ష



ప్రసంగము ముగిసిన పిమ్మట తల్లిదండ్రులు పిల్లల జాతకములతో మా వద్దకు వచ్చి, "అబ్బాయికి డాక్టరు యోగమున్నదా, చూడండి" అని అడుగుతూ ఉంటారు. ఆ మధ్య ఒక దంపతులు వచ్చినారు. వారి కుమారుడు నీట్ పరీక్ష రెండు పర్యాయములు వ్రాసినాడు, సీటు రాలేదు. మూడవసారి వ్రాయించవలెనా అని వారి ప్రశ్న. మేము జాతకమును ప్రక్కన ఉంచి, "నాయనా, నీ అభిప్రాయమేమి?" అని బాలుని అడిగినాము. అతడు బదులు చెప్పక తండ్రి ముఖము వంక చూచినాడు. ఆ చూపును తలచుకొనియే నేడు ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున ఈ విషయము విపులముగా ఉన్నది. వైద్యుడు కాగోరువాడు ముందుగా తాను తలకెత్తుకొనబోవు కార్యము యొక్క బరువును, దాని ఫలమును, దేశకాలములను విచారింపవలెను. తరువాత శాస్త్రమును, పిమ్మట ఆచార్యుని పరీక్షింపవలెను. ఆచార్యుడును శిష్యుని పరీక్షించును. విచారణ చేయవలసినవాడు విద్యార్థియే గాని వాని తండ్రి కాదని గమనించండి. శిష్యుడు అగ్నిసాక్షిగా స్వీకరించు నియమములలో, తన ప్రాణము కొరకైనను రోగికి ద్రోహము తలపెట్టరాదనునది ఒకటి. రోగి ఇంటి విషయములు బయటపెట్టరాదనునది మరియొకటి. 720 మార్కుల పరీక్ష బుద్ధిని కొలవగలదు. ఈ మనస్సును కొలవజాలదు.

సుశ్రుతుడు శస్త్రచికిత్స నేర్చువానిని మొదట గుమ్మడి, సొర, పుచ్చ, దోసకాయలపై కోత అభ్యసింపుమన్నాడు. ఓర్పులేనివానికి ఈ విద్య అబ్బదు. నేడును ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరములు, ఆపై ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ. ఆ పైచదువునకు మరి మూడేండ్లు. పరుల కోరికతో ఇంత దూరము నడచుట దుష్కరము.

అట్లని రెండుసార్లు తప్పినవాడు అనర్హుడని మేము చెప్పుట లేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణులు కాలేదు. సన్న్యసింపగోరినవారు వైద్యము చదివినారు. సోదరులను స్ప్రూ వ్యాధి హరించిన దుఃఖము వారి హృదయమున ఉన్నది. అమెరికాలో ప్రయోగశాలయందే జీవితము గడపి, ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు మొదలగువానిని లోకమునకు అందించిన పరిశోధనలకు సారథ్యము వహించినారు. మూడవ ప్రయత్నము తప్పు కాదు. అది ఎవరి ప్రయత్నమన్నదే ప్రశ్న.

మరియొక మాట. చికిత్సకు పాదములు నాలుగని చరకుడు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వైద్యుడొక్కడే చికిత్స కాదు. మందు సిద్ధము చేయువాడు, రోగిని కనిపెట్టియుండు నర్సు, వీరును ఆ సేవలో భాగస్థులే.

ఈ మాటలే ఆ తండ్రికి చెప్పి, "మీరు మౌనముగా ఉండి, వానిచేత మాట్లాడించండి" అన్నాము. నెల దినములకు ఆయన తిరిగి వచ్చి, "అడిగినామండీ, గురువుగారూ. ఫార్మసీ చదువుతానన్నాడు. మా మనస్సే ఇంకా సమాధానపడలేదు" అన్నారు. సమాధానపడుట కష్టమే. కాని బిడ్డ నోరు విప్పినాడు గదా! అది చిన్న లాభము కాదు.

ధన్వంతరిరూపుడైన శ్రీమన్నారాయణుడు మీ బిడ్డలకు స్వధర్మమును ఎరుగు బుద్ధిని, మీకు దానిని ఆలకించు ఓర్పును ప్రసాదించుగాక!

స్వస్తి.