గడియారము వెనుక అంకె

ముంజేతి గడియారము కొనువారు కాలము చూచుకొనుటకే దానిని కొందురని మనము తలచుచుందుము. కాని నేడు గడియారపు అంగళ్లలో మఱియొక విధమైన సరకు కానవచ్చుచున్నది. తయారుచేయు సంస్థ ఒక నమూనాలో ఇన్ని గడియారములు మాత్రమే చేయుదునని ముందే ప్రకటించును. అమ్మకపు సొమ్ములో కొంత భాగము, అంతరించిపోవుచున్న ఒక ప్రాణి రక్షణకో, ఒక నదీతీరము బాగునకో ఇత్తునని చెప్పును. స్విట్జర్లాండుకు చెందిన ఓరిస్ సంస్థ ఉత్తర సముద్రతీరమందలి వాడెన్ ప్రాంతము పేర ఇట్టి గడియారములను 2,009 మాత్రమే చేసినది. ఆ ప్రాంతమును యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది 2009లో. ఆ సంవత్సరమే గడియారముల సంఖ్య అయినది.

ఎన్ని చేయవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ గడియారము చేయువారికి కలదు. నదిలోని ప్రాణికి అట్టి స్వేచ్ఛ లేదు. ఈ సొమ్ము నదిలోని ప్రాణికి ఎంతవరకు తోడ్పడగలదు? ఇది తెలియవలెనన్నచో చైనా దేశపు యాంగ్‌ట్సీ నది కథను వినవలెను.

ఆ నదిలో డాల్ఫిను జాతికి చెందిన బైజీ యుండెడిది. 1980లో గాలములు తగిలి గాయపడిన ఒక బైజీని వూహాన్ నగరములోని జలజీవశాస్త్ర సంస్థకు తెచ్చి, చీచీ అని పేరు పెట్టి పెంచిరి. అది 22 సంవత్సరములు అచ్చట జీవించి 2002 జులైలో మరణించినది. 2006 చివర శాస్త్రజ్ఞులు రెండు ఓడలలో ఆరు వారములు నదిని గాలించిరి. ఒక్క బైజీయైనను కానరాలేదు. వలలు, గాలములు, ఓడల రాకపోకలు, ఆనకట్టలు, మురికినీరు అన్నియు కలిసి చేసిన పని యది. ఏ ఒక్కరును దానిని చంపదలచలేదు. కాని అందఱును కలిసి చంపిరి.

ఆ నదిలోనే పోర్పాయిస్ అను మఱియొక ప్రాణి కలదు. ఇది డాల్ఫినుకు దగ్గఱి చుట్టము. వీపుపై రెక్క యుండదు. నోటి కొనలు పైకి వంగియుండుటచే ఎల్లప్పుడును నవ్వుచున్నట్లు తోచును. బైజీ కొఱకు వెదకినవారే 2006లో వీనిని లెక్కించి సుమారు 1,800 ఉండవచ్చుననిరి. 2012 నాటికి ఆ లెక్క 1,045కు, 2017 నాటికి 1,012కు దిగినది. అనగా, పైన చెప్పిన గడియారముల సంఖ్యలో సగము!

తదుపరి 2022 గణనలో ఆ సంఖ్య 1,249 అయినది. తగ్గుటయే గాని పెరుగుట యెఱుగని లెక్క పెరిగినది. నది నుండి వేరుపడిన తియాన్-ఎ-జౌ అను మడుగులో 1990 నుండి కొన్ని పోర్పాయిసులను తెచ్చి విడువగా, అవి అచ్చట పిల్లలను కని వృద్ధి పొందినవి. ఇట్టి మడుగుల కావలికి, గణనలకు, పరిశోధనలకు ధనము కావలెను. దాతల సొమ్ము, గడియారపు సొమ్ము ఇచ్చట వ్యర్థము కాదు.

అయితే అసలు నదిలో వచ్చిన పెద్ద మార్పు వేఱు. 2021 జనవరి 1 నుండి యాంగ్‌ట్సీ ప్రధాన ప్రవాహములోను, ముఖ్యమైన ఉపనదులలోను పది సంవత్సరముల పాటు చేపలవేటను చైనా ప్రభుత్వము నిషేధించినది. సుమారు 1,11,000 పడవలు ఒడ్డునకు చేరినవి. సుమారు 2,31,000 మంది జాలరులు తాతముత్తాతల నాటి వృత్తిని విడిచిరి. ప్రభుత్వము పరిహారము నిచ్చినది. కొందఱిని నదీ రక్షకులుగా నియమించినది. అయినను నడివయసులో వల విడిచి క్రొత్త పని నేర్చుకొనుట ఎంత కష్టమో నదీతీరమున పుట్టినవారికి చెప్పనక్కఱలేదు. పోర్పాయిసు కొఱకు అధికమైన మూల్యము చెల్లించినవారు వారే. వారి పేరు ఏ గడియారము పైనను ఉండదు.

ఈ మాటలు గడియారము కొనువారిని నిందించుటకు కాదు. మేము చెప్పదలచినది ఒక్కటే. కొన్నవారు తమ బాధ్యత తీరినదని తలచరాదు. తాము ఇచ్చిన సొమ్ము ఎచ్చటికి పోయినదో, ఎంత పోయినదో సంస్థను అడుగవలెను. ప్రాణిని బ్రతికించుటకై జీవనోపాధిని విడిచినవారికి న్యాయము జరిగినదా అని కూడ అడుగవలెను.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. గంగా డాల్ఫినును 2009లో మన దేశము జాతీయ జలచరముగా ప్రకటించినది. గంగ, బ్రహ్మపుత్ర, బియాస్ నదులలో జరిపిన గణన ఫలితములు 2025లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశములోని నదీ డాల్ఫినులు 6,327. ఆ నదుల ఒడ్డునను వల వేసి బ్రతుకువారు కలరు. వారిని కలుపుకొనక డాల్ఫినును కాపాడుట సాధ్యము కాదు.

గడియారము వెనుక చెక్కిన అంకె ఎన్నటికిని మాఱదు. నదిలోని అంకె మాఱుచునే యుండును. ఏ దిక్కునకు మాఱునో, అది మన చేతిలో నున్నది.