మార్కుల కంటే ముందు ఖాళీలను లెక్కిద్దాం
(ఉర్దూ మాధ్యమ పాఠశాలల విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏటా పదవ తరగతి ఫలితాలు వెలువడగానే మనవాళ్ల నోటనే ఒక మాట వినిపిస్తుంది: ‘మన పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదు.’ ఆ మాట అనే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ బడిలో గణితం చెప్పే ఉపాధ్యాయుడు ఆ ఏడాది ఎన్ని నెలలు ఉన్నాడు?

6 నుండి 14 ఏళ్ల ముస్లిం బాలలలో నాలుగో వంతు మంది అసలు బడికే వెళ్లలేదు లేదా మధ్యలో మానేశారు అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ముస్లింలు అధికంగా ఉన్న అనేక చిన్న గ్రామాలలో బడులే లేవన్న సంగతినీ ఆ నివేదికే వెల్లడించింది. లోపం పిల్లలలో ఉందా, ఏర్పాటులో ఉందా?

మన తెలుగు రాష్ట్రాల సంగతి చూడండి. ఉపాధ్యాయ నియామకాలలో రోస్టర్ ప్రకారం ఉర్దూ మాధ్యమంలోనూ కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కేటాయిస్తారు. రిజర్వేషన్ వారి హక్కు. దానిపై మనకు ఏ అభ్యంతరమూ ఉండరాదు. అయితే ఆ వర్గాలలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారు అరుదు గనుక ఆ పోస్టులు ఖాళీగానే మిగిలిపోతున్నాయి. అటు దళిత నిరుద్యోగికి ఉద్యోగం రాదు, ఇటు మన బిడ్డకు ఉపాధ్యాయుడు రాడు. అన్నే పోస్టులను తెలుగు మాధ్యమంలో ఆ వర్గాలకు ఇచ్చి, ఇక్కడి ఖాళీలను అర్హులతో నింపమనడం ఇరువురికీ న్యాయం. దీనికి కావలసింది రాజకీయ సంకల్పం.

ఇక నిధులు. సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే వార్షిక గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 101 నుండి 250 మంది ఉంటే 50 వేల రూపాయలు. సంఖ్య నూరుకు దిగితే అందులో సగమే. ఉపాధ్యాయుడు లేక పిల్లలు వెళ్లిపోతారు. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, పోస్టులూ తగ్గుతాయి. చివరకు ‘పిల్లలు లేరు’ అంటూ బడినే మరొక బడిలో కలిపేస్తారు.

దీనిని ఆపే అధికారం కొంత మన చేతిలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి; సగం మంది మహిళలు ఉండాలి. గ్రాంటు ఖర్చును పర్యవేక్షించేది ఆ కమిటీయే. 22వ సెక్షన్ ప్రకారం అది తయారుచేసే అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ గ్రాంట్లకు ఆధారం. మరి స్థానిక నాయకుడు చెప్పిన పేర్లతోనే కమిటీ ఏర్పడితే, తల్లులు చదవకుండానే తీర్మానంపై సంతకం చేస్తే, ఆ అధికారం ఎవరిది?

కమిటీ ఎన్నికకు తల్లులతో సహా వెళ్లండి. ఖాళీ పోస్టులను సబ్జెక్టుల వారీగా ప్రణాళికలో రాయించండి. గ్రాంటు లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఎన్నికలు రాగానే నాయకులు మన మొహల్లాకు వచ్చి ఈద్గా ప్రహరీ, ఖబరస్తాన్ గోడ కట్టిస్తామంటారు. అవీ అవసరమే. కానీ ఈసారి ఖాళీల జాబితా వారి ముందు పెట్టి, ‘మా బడికి గణితం ఉపాధ్యాయుడు ఎప్పుడు వస్తాడు?’ అని అడగండి. దానికి సమాధానం రాబట్టాకే పిల్లల మార్కుల గురించి మాట్లాడదాం.