వ్యాపార లేఖలో మాట పొందిక

ఇంటికి వ్రాయు ఉత్తరములో మాట కొంచెము అటు ఇటు అయినను, చదువుకొనువారు మన మనసెరిగి సరిదిద్దుకొందురు. వ్యాపార లేఖకు ఆ సదుపాయము లేదు. తగవు వచ్చిన నాడు అందలి మాటయే సాక్ష్యము పలుకును.

మన భాషలో 'గల' అను చిన్న మాటను చూడుడు. 'సరకు పంపగలము' అని ఒక వర్తకుడు వ్రాసెననుకొందము. పంపుటకు తమకు శక్తి యున్నదని అతని భావము కావచ్చును. తప్పక పంపుదురని కొనువాడు గ్రహింపవచ్చును. ఇక 'పైకము పంపగలరు' అన్నచో అది కోరికయా, నమ్మకమా, ఎదుటివాని తాహతును గూర్చిన మాటయా? నోటితో చెప్పునప్పుడు కంఠస్వరము ఈ తేడాను తెలుపును. కాగితము మీద ఆ సాయము లేదు. కావున వాగ్దానమైనచో 'ఈ నెల 15వ తేదీలోగా పంపుదుము' అనియు, కోరికయైనచో 'పంపవలెనని కోరుచున్నాము' అనియు స్పష్టముగా వ్రాయవలెను.

అంగీకారము తెలుపునప్పుడు మరింత జాగ్రత్త అవసరము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 7వ సెక్షను ప్రకారము అంగీకారము సంపూర్ణముగాను, షరతులు లేకుండగను ఉండవలెను. నూరు బస్తాల బియ్యమునకు ఒకరు ధర తెలుపగా, 'మీ ధర సమ్మతమే. రవాణా ఖర్చు మాత్రము మీరే భరింపవలెను' అని మనము బదులు వ్రాసితిమనుకొనుడు. అది సమ్మతివలె కనబడును గాని, నిజమునకు క్రొత్త ప్రతిపాదన. అవతలివారు ఒప్పుకొనువరకు బేరము కుదరనట్లే. ఈలోగా సరకు వచ్చునని నమ్మి ఇతరులకు మాట యిచ్చినవాడు చిక్కులో పడును.

మర్యాదకు వ్రాసిన వాక్యము సైతము బరువు మోయును. సరకు బాకీకి సాధారణముగా దావా గడువు 3 సంవత్సరములు. ఆ గడువు తీరకముందే 'మీ బాకీ మాకు జ్ఞాపకమున్నది, కొంత వ్యవధి దయచేయవలెను' అని వ్రాసి సంతకము చేసినచో, 1963 నాటి లిమిటేషను చట్టము 18వ సెక్షనును బట్టి ఆనాటి నుండి గడువు మరల మొదలగును. బాకీ పడినవారును, రావలసినవారును ఈ సంగతి ఎరిగియుండుట మంచిది.

ఇట్లనుటచే లేఖ కటువుగా నుండవలెనని కాదు. 'అయ్యా' అను సంబోధనలో, 'విధేయుడు' అను ముగింపులో వినయము చూపవచ్చును. క్రియాపదము మాత్రము నిలకడగా నుండవలెను. కవరు అంటించుటకు ముందు, మనలను ఎరుగనివాడు చదివినట్లు లేఖను ఒకసారి చదువుడు. ఎవరు, ఏమి, ఎంత, ఎప్పటిలోగా అను నాలుగు ప్రశ్నలకు అందు జవాబు దొరకినచో, దానిని తపాలాపెట్టెలో నిశ్చింతగా వేయవచ్చును.