వ్యాపార పరిశోధన – నైతిక బాధ్యతలు



ప్రశ్నావళిని ఎలా తయారుచేయాలో, నమూనాను ఎలా ఎంచుకోవాలో, అంకెలను ఎలా విశ్లేషించాలో మీ పాఠ్యపుస్తకాలు వివరంగా చెబుతాయి. ఈనాటి ప్రసంగంలో వీటన్నింటికీ ముందు వేసుకోవలసిన ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. పరిశోధకుడు ఎవరికి జవాబు చెప్పాలి?

విజ్ఞానశాస్త్రం బోధించే వ్యక్తిని కనుక ప్రయోగశాల నుంచే మొదలుపెడతాను. మైలుతుత్తాన్ని వేడిచేసే ముందు దాని అనుమతి అడగం. నీలిరంగు పోయి తెల్లబడితే దానికి అన్యాయం జరిగిందని బాధపడం. వ్యాపార పరిశోధనలో మన ఎదుట ఉన్నది పదార్థం కాదు, మనిషి. ఆ మనిషి వినియోగదారు కావచ్చు, ఉద్యోగి కావచ్చు, చిల్లర దుకాణం నడుపుకునేవారు కావచ్చు. వారు తమ సమయాన్నీ, తమ జీవితానికి సంబంధించిన కొన్ని వివరాలనూ మనకు ఇస్తున్నారు. కాబట్టి సమాచారం ఇచ్చినవారికి, పరిశోధన చేయించుకున్న సంస్థకు, ఫలితాలను నమ్మే సమాజానికి, ఈ ముగ్గురికీ మనం బాధ్యులం.

సమ్మతి

మొదటి బాధ్యత సమ్మతి తీసుకోవడం. ఒక ఉదాహరణ చూడండి. 2012 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థ ఒక వారం పాటు 6,89,003 మంది ఖాతాదారులపై ఒక ప్రయోగం చేసింది. కొందరికి సంతోషకరమైన మాటలున్న పోస్టులను తగ్గించి చూపింది, మరికొందరికి విచారకరమైన మాటలున్న వాటిని తగ్గించింది. తరువాత వారు స్వయంగా రాసే మాటలు ఎలా మారాయో గమనించింది. మార్పు చాలా స్వల్పంగానే కనిపించింది. 2014లో ఈ అధ్యయనం ఒక ప్రసిద్ధ అమెరికా విజ్ఞాన పత్రికలో వెలువడినప్పుడు పెద్ద వివాదం చెలరేగింది. ఖాతా తెరిచేటప్పుడు నిబంధనలకు అంగీకరించారు కదా అన్నది సమర్థన. అయితే ప్రయోగం జరుగుతున్నట్టు ఖాతాదారులకు తెలియదు, వద్దని తప్పుకునే అవకాశమూ లేదు. ప్రచురించిన పత్రికే ఆ తరువాత తన ఆందోళనను అచ్చువేసింది.

దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? ఎవరూ చదవని పొడవాటి నిబంధనల కింద నొక్కిన బటను నిజమైన సమ్మతి కాదు. ఎందుకు అడుగుతున్నామో, సమాచారాన్ని ఏం చేస్తామో తెలిసి, కాదనే స్వేచ్ఛ ఉండి ఇచ్చినదే సమ్మతి. మన దేశంలో 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, నిర్దిష్ట ప్రయోజనానికి ఇచ్చినదై ఉండాలంటుంది.

కర్మాగారంలో మేనేజరు పక్కన నిలబడి ఫారాలు పంచితే కార్మికుడు కాదనగలడా? సర్వే అని చెప్పి ఫోను నంబరు తీసుకుని, మర్నాటి నుంచి సరుకు కొనమని వేధిస్తే అది పరిశోధన అవుతుందా? ఆలోచించండి.

గోప్యత

పేరు తీసివేస్తే చాలదు. మండలం మొత్తానికి ఒకే శీతల గిడ్డంగి ఉందనుకుందాం. ‘ఈ మండలంలోని శీతల గిడ్డంగి యజమాని తన అప్పుల గురించి ఇలా చెప్పారు’ అని రాస్తే, పేరు లేకపోయినా ఊరందరికీ తెలిసిపోతుంది. వివరాల కలయికే మనిషిని పట్టిస్తుంది. అందువల్ల అవసరం లేనిది అడగకూడదు. అడిగినదాన్ని భద్రంగా ఉంచాలి, పని ముగిశాక తొలగించాలి.

సత్యం

పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థకు మనం ఏం బాకీ పడతాం? శ్రద్ధగా పనిచేయడం, గడువు పాటించడం, వారి వ్యాపార రహస్యాలను కాపాడటం. వారికి నచ్చే జవాబు మాత్రం బాకీ లేము.

1965లో అమెరికాలోని చక్కెర పరిశ్రమకు చెందిన ఒక సంస్థ హార్వర్డ్ పరిశోధకులకు 6,500 డాలర్లు ఇచ్చి, గుండెజబ్బుల మీద ఒక సమీక్ష రాయించింది. 1967లో ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన ఆ సమీక్ష చక్కెర పాత్రను తక్కువ చేసి, కొవ్వునే ప్రధాన దోషిగా చూపింది. డబ్బు ఎవరిచ్చారో అందులో లేదు. ఆ రోజుల్లో అలా ప్రకటించాలన్న నియమం ఆ పత్రికకు లేని మాట నిజమే. కానీ పాత ఉత్తరాల ఆధారంగా ఈ సంగతి 2016లో బయటపడేదాకా పాఠకులకు దాన్ని తూచి చూసే వీలే లేకపోయింది. ఎవరి డబ్బుతో చేశామో చెప్పడం అవమానం కాదు, అది పాఠకుడి హక్కు.

మీ ప్రాజెక్టు

ఇవన్నీ పెద్ద సంస్థల సంగతులనుకోకండి. మీరు ప్రాజెక్టు కోసం 100 ప్రశ్నావళులు పంచారు. తిరిగి వచ్చినవి 62. రేపే గడువు. హాస్టలు గదిలో కూర్చుని నలుగురు మిత్రులు రెండు రంగుల పెన్నులతో మిగిలిన 38 నింపేస్తే ఎవరికి తెలుస్తుంది? వైవాలో కూడా బయటపడకపోవచ్చు. కానీ నిజంగా జవాబిచ్చిన 62 మంది మాటలను ఆ 38 కల్పనలు కలుషితం చేస్తాయి. ఆ నివేదికను నమ్మి ఒక చిన్న వ్యాపారి అప్పుచేసి సరుకు తెప్పిస్తే, నష్టపోయేది అతడు.

62 అని రాయండి. 38 మంది ఎందుకు జవాబివ్వలేదో కారణాలు వెదకండి. ప్రశ్నలు పొడవయ్యాయా? ఆదాయం అడిగినచోట ఆగిపోయారా? జవాబు రాకపోవడం కూడా ఒక ఫలితమే. మార్కులు రెండు తగ్గినా, ఆ నివేదిక పరిశోధన అనిపించుకుంటుంది.

చివరగా ఒక చిన్న పరీక్ష. నివేదిక పూర్తయ్యాక, అందులో సమాచారం ఇచ్చిన వ్యక్తి మీ ఎదుట కూర్చుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదువుతున్నట్టు ఊహించుకోండి. ఏ పుటనైనా ఆయనకు కనపడకుండా దాచాలనిపిస్తే, ఆ పుటను మళ్లీ రాయండి.