గోడతో సహా

1907లో బార్సిలోనా నుంచి కొందరు పండితులు పిరనీస్ కొండలెక్కారు. వాళ్లకు నాయకుడు వాస్తుశిల్పి జోసెప్ పుయిచ్ ఇ కడఫాల్క్. వెంట అడోల్ఫ్ మాస్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నారు. ఆ కొండల్లోని బోయి లోయకు అప్పటికి మోటారు బాట లేదు. పగిలిపోయే గాజు ప్లేట్లను ఆ కొండదారిలో మోసుకెళ్లి చర్చిలను ఫొటో తీయడం మాస్ పని. ఈ ఉపన్యాసం ఒక ఛాయాచిత్రకారుడి స్మృతిలో జరుగుతున్నది కనుక మాస్‌తో మొదలుపెట్టడమే న్యాయం.

రోమనెస్క్ అంటే 11, 12 శతాబ్దాల్లో పశ్చిమ యూరప్‌లో వ్యాపించిన కట్టడాల తీరు. మందపాటి రాతిగోడలు, గుండ్రటి కమానులు, చిన్నచిన్న కిటికీలు. కిటికీ చిన్నదైతే గోడకు చోటెక్కువ, బొమ్మలకూ చోటెక్కువ. బొమ్మలకు అంత చోటిచ్చిన ఆ చీకటే కెమెరాకు అడ్డం.

బోయి లోయలోని తవుల్ గ్రామంలో సాంట్ క్లిమెంట్ చర్చికి 1123 డిసెంబర్ 10న ప్రతిష్ఠ జరిగింది. బలిపీఠం వెనక అరగోళంలా వంగిన పైకప్పులో, బాదంగింజ ఆకారపు వలయంలో క్రీస్తు కూర్చుని ఉండేవాడు. అలాంటి బొమ్మ దగ్గరకు వెళ్లి కెమెరా పైకెత్తితే పాదాలు పెద్దవై, తల చిక్కిపోతుంది. అందుకే దూరం జరగాలి, కెమెరాను మధ్యగీతకు తెచ్చి ఎత్తులో నిలపాలి. ఫ్లాష్ పనికిరాదు. స్టాండు మీద కెమెరా కదలకుండా ఉంచి, సెకన్ల తరబడి వెలుతురు పోగుచేయాలి. కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా పడి ఒకే గోడ రెండు రంగులవుతుంది. అంచున ఒక రంగుల పట్టీ పెట్టి తీస్తేనే ఏది అసలు రంగో తర్వాత తేల్చుకోవచ్చు.

రెండో ఫొటో ఇంకా ముఖ్యం. దీపాన్ని గోడకు ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి వేయాలి. బొమ్మ వెనక్కి తగ్గి గోడ ముందుకొస్తుంది. ఒక విడత సున్నపుపూత ఎక్కడ ఆగింది, తర్వాతిది ఎక్కడ దాని మీదకెక్కింది, తడిపూతలో చిత్రకారుడు గీరిన గీత ఎటు పోయింది, అన్నీ గట్లు గట్లుగా కనిపిస్తాయి. అందంగా అచ్చయ్యే కళాపుస్తకాలు ఈ ఫొటోను దాదాపు వదిలేస్తాయి. అది పెద్ద లోటు.

ఎందుకంటే గోడ వేరు, బొమ్మ వేరు అయిపోగలవు. కాటలోనియాలోని ముర్ చర్చి చిత్రాలు అమ్ముడుపోయి అమెరికా చేరాయి, ఇప్పుడవి బోస్టన్ మ్యూజియంలో ఉన్నాయి. మిగతావీ అలా పోకూడదని బార్సిలోనా మ్యూజియం మండలి 1919-23 మధ్య ఇటాలియన్ నిపుణులను పిలిపించింది. వాళ్లు బొమ్మల మీద జిగురుతో గుడ్డ అంటించి, ఆరాక లాగి, రంగుపొరను ఊడదీశారు. తవుల్ క్రీస్తు బార్సిలోనాకు దిగివచ్చాడు. ఊడదీయకముందు ఆ చర్చిలు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యాల్లో మాస్ ఫొటోలు ముందువరసలోవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నిజాం ప్రభుత్వం అజంతాకు ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనిని రప్పించింది. అక్కడ బొమ్మలను ఊడదీయలేదు, గోడకే నిలబెట్టారు. అయితే పైన పూసిన లక్క వార్నిష్ తర్వాత పసుపెక్కింది. హైదరాబాద్ పురావస్తుశాఖ అధిపతి గులాం యజ్దానీ 1930 నుంచి 1955 దాకా వెలువరించిన అజంతా సంపుటాలకు ఆధారం ఫొటోలే. చేత్తో గీసిన నకళ్లను కాక కెమెరాను నమ్మడం మన నేల మీద జరిగిన గొప్ప నిర్ణయం.

నలుపు తెలుపు ఫొటో కూడా ఎంత విలువైనదో అరగాన్‌లోని సిహేనా మఠం చెబుతుంది. అక్కడి సభామందిరాన్ని 1200 ప్రాంతంలో చిత్రించారు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదట్లోనే అది తగలబడింది. మిగిలినవాటిలోనూ రంగులు వేడికి మారిపోయాయి. ఆ మంటకు కొద్ది నెలల ముందే జోసెప్ గుదియోల్ అక్కడ ఫొటోలు తీశారు. కమానుల మీద ఏ మనిషి ఎక్కడున్నాడో నేడు తెలిసేది చాలావరకు వాటివల్లే.

తవుల్ చర్చిలో 2013 నుంచి ప్రొజెక్టర్లతో బొమ్మను తిరిగి గోడ మీదకు పంపుతున్నారు. గీతలు ముందొచ్చి, రంగులు నిండి, క్రీస్తు మళ్లీ ఆ వంపులో కూర్చుంటాడు. దీపాలు ఆరిపోయాక ఒట్టి పూత మిగులుతుంది. అందులో అక్కడక్కడ, ఇటాలియన్ల గుడ్డకు రాకుండా ఉండిపోయిన అసలు రంగు ముక్కలు కొన్ని.