చిత్రము ముందు, ప్రయాణము తరువాత



పాఠశాల వార్షికోత్సవ సభలో ఆసుపత్రి ప్రసంగమేల యని మీరాశ్చర్యపడవచ్చును. మన బిడ్డలు సైకిళ్లమీదను, పెద్దలు మోటారు సైకిళ్లమీదను తిరుగుచున్నారు. తలకు దెబ్బ తగులుటకు క్షణము చాలును. ఆ తరువాత కుటుంబము చేయవలసిన నిర్ణయమును గూర్చి మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. రాష్ట్రము మారినను, జబ్బు ముదిరినచో మనవారి చూపు నేటికిని హైదరాబాదు వైపే పోవును. బిలోలి, దేగ్లూరు, ధర్మాబాదు ప్రాంతముల తెలుగువారికిని ఇదియే అలవాటు. మోకాళ్ల నొప్పికి ఇందువలన నష్టము లేదు. తలగాయమైనప్పుడు మాత్రము, లోపల నేమి జరిగినదో తెలియకయే 250 కిలోమీటర్లకు పైబడిన దారి పట్టుట అపాయకరము.

పుర్రె సాగని ఎముక పెట్టె. అందులో నెత్తురు చేరినకొలది మెదడు నొక్కుకొనిపోవును. కొందరు స్పృహ తప్పి, తేరుకొని, చక్కగా మాటలాడి, కొన్ని గంటలలో మరల మగతలోనికి జారుదురు. వీరికి సకాలమున శస్త్రచికిత్స జరిగినచో ప్రాణము నిలుచును. మరికొందరికి శస్త్రచికిత్సయే అక్కరలేదు. కనిపెట్టి చూచిన చాలును. పైచూపునకు ఈ భేదము తెలియుట కష్టము. దానిని తెలుపునది సి.టి. స్కాను. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డు గారి యంత్రముతో తొలి రోగికి తీసినది మెదడు చిత్రమే.

నేడు స్కాను యంత్రములు చిన్న పట్టణములకును వచ్చినవి. మెదడు శస్త్రవైద్యులు మాత్రము పెద్ద నగరములలోనే ఎక్కువ. ఈ ఎడమును పూడ్చు మార్గము తెలుగునాట 2000 సంవత్సరముననే కనబడినది. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామమున స్కాను యంత్రము గల ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా చెన్నై నిపుణులతో కలిపిరి. నాడు ఉపగ్రహము చేసిన పనిని నేడు సామాన్యమైన ఇంటర్నెట్ చేయుచున్నది.

చిత్రము నిమిషములలో నిపుణుని చేరును. ఆయన "వెంటనే పంపుడు" అనవచ్చును; "అచ్చటనే యుంచి మరల స్కాను తీయుడు" అనవచ్చును; "ముందు శ్వాసను నిలకడపరచుడు" అనవచ్చును. ఇందువలన పంపవలసినవారికి జాగు కలుగదు. రోగి దారిలో నుండగనే శస్త్రచికిత్సకు ఏర్పాట్లు జరుగును. అక్కరలేనివారికి దూరపు కుదుపులును, అప్పులును తప్పును.

అయితే చిత్రమే సర్వస్వము కాదు. ఫోనుతో తీసిన ఒక్క ఫోటో మొత్తము స్కానుకు సాటిరాదు. కంటిపాపల తీరు, రక్తపోటు, 1974లో గ్లాస్గో వైద్యులు ఏర్పరచిన 3 నుండి 15 వరకు గల స్పృహ కొలత, ఇవియును నిపుణునికి తెలియవలెను. గాయమైన వెంటనే బాగున్న చిత్రము కొన్ని గంటలకు మారవచ్చును గనుక కాపలా తప్పదు.

కనుక తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, మూర్ఛ, తగ్గని తలనొప్పి, చెవినుండి నెత్తురు కనబడినచో 108కి ఫోను చేయుడు. నీళ్లు త్రాగింపకుడు. దెబ్బ తగిలిన వేళ గుర్తుంచుకొనుడు. పెద్ద ఊరికి తరలింపుమనినప్పుడు, "మెదడు వైద్యుడు చిత్రము చూచెనా? అచ్చట మంచము సిద్ధముగా నున్నదా?" అని వినయముగా నడుగుడు.

కడపట నొక్క మాట. చిత్రమునకు భాష అక్కరలేదు. రోగి కథకు మాత్రము భాష కావలెను. "పడెను, లేచి మాటలాడెను, మరల మత్తుగా నున్నాడు" అను మూడు మాటలలోనే ప్రాణరహస్యము దాగియుండును. ఇంట తెలుగే యెరిగిన అవ్వ వాటిని చూచియుండును. ఎదుటనున్న వైద్యునికి మరాఠీయే తెలిసియుండవచ్చును. వారిద్దరి నడుమ నిలువగలవాడు మన పాఠశాలలో రెండు భాషలును నేర్చిన బిడ్డయే. అవ్వ మాటను తప్పులేకుండ మరాఠీలో చెప్పుట మన పిల్లలకు ఇంటనే అలవాటు చేయుడని మిమ్ము కోరుచున్నాము.